పోగు ఏమీ తినడం లేదు

కాలవ దాటి పొలాల్లోకి దిగితే మొదట కనిపించేది ఒక పశువుల పాక. పాకలో ఒక పక్క ధాన్యపు గాదె, ఇంకో పక్క గడ్డిమేటు, మధ్యలో గుంజలు, గుంజలకు పశువులు. అక్కడ ఎవరి పని వారిదే గానీ ఎవరి సంగతైనా అందరిదీ. ఒకరికి తుమ్మొస్తే నలుగురు వైద్యం చెప్పే చోటు అది. నేను చెప్పబోయే గొడవంతా ఆ గుణం వల్లే వచ్చింది.

ఆ పాకలో బూదమ్మ అనే పెట్ట ఉండేది. బూడిదరంగు ఈకలు, పొట్టి మెడ, ఒక్కచోట నిలవని కాళ్లు. ఆ వానాకాలం గడ్డిమేటు పక్కన పగిలిన బానలో గుడ్లు పొదిగింది. పొదుగుతున్నన్నాళ్లూ కడుపు కింద ఒక గుడ్డు కాస్త పొడుగ్గా, మెత్తగా తగులుతూనే ఉంది. గుడ్లన్నీ ఒకేలా ఉండాలని ఏముంది అనుకుని దాన్ని మరింత లోపలికి జరుపుకుని మరీ వెచ్చబెట్టింది. ఏ పామో గడ్డిలో పెట్టిన గుడ్డు బానలోకి దొర్లి వచ్చిందని ఆమెకు తోచనే లేదు.

పది గుడ్లలోంచి పది కోడిపిల్లలు వచ్చాయి. పదకొండో దాంట్లోంచి కాళ్లు లేని పిల్ల వచ్చింది.

పాక గొల్లుమంది. మేక తాడు తెంపుకోబోయింది. బూదమ్మ మాత్రం తల పక్కకు వంచి ఒక కంటితో చూసింది, అటు వంచి రెండో కంటితో చూసింది. తన కడుపు కింద పుట్టింది కాబట్టి తన పిల్లేనని తేల్చి చెప్పేసింది. నూలుపోగులా సన్నగా ఉన్నాడని పోగు అని పేరు కూడా పెట్టేసింది.

గుంజకు కట్టి ఉన్న మైలన్న మెడ చాచి వాసన చూశాడు. మైలన్న ముసలి ఎద్దు, పాకలో అందరికన్నా పెద్దవాడు. ఏ మాటనైనా పూటంతా నమిలి గానీ బయటికి వదలడు. అది జెర్రిపోతు పిల్ల అని, విషం లేదని, ఉండనిమ్మని చెప్పాడు. పొద్దున పాలు పితకడానికి వచ్చిన ఆసామి కూడా చూశాడు. "కొట్టకండర్రా, పెద్దదైతే గాదె కాస్తుంది" అని ఇంట్లోవాళ్లకి చెప్పాడు.

ఆ మాట విని ఒకడికి మాత్రం ముద్ద దిగలేదు. వాడు గాదె కింద బొరియలో కాపురముండే దొండయ్య అనే పందికొక్కు. పొట్ట పెద్దది, మాట మెత్తన. మూడేళ్లుగా ఆ గాదెలో వడ్లు తిని బలిశాడు. పాము పెద్దదైతే తన కాపురం కూలిపోతుందని వాడికి తెలుసు. పిల్లగా ఉండగానే పీడ వదిలించుకుందామంటే మైలన్న గిట్టల భయం, బూదమ్మ ముక్కు భయం. అందుకని ఏమీ చేయకుండా పొంచి కూర్చున్నాడు. దారి చూపించే పని బూదమ్మే చేసింది.

బూదమ్మ ఇంట్లో తిండి అంటే పూటకో ముద్ద కాదు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా సాగే పని. పెంట మీద రెండు కాళ్లతో గోకడం, గింజ కనపడగానే క్లక్ క్లక్ మని పిలవడం, పిల్లలు పరుగెత్తుకొచ్చి పొడుచుకోవడం, మళ్లీ గోకడం. తల్లి పిలిచింది కాబట్టి పోగూ వచ్చేవాడు. వరస చివర పడుకుని, ముందు పెట్టిన నూకను నాలుకతో తాకి, ఊరుకునేవాడు. చెదపురుగు పెడితే పక్కనున్న చెల్లెలి వైపు తలతో తోసేవాడు. వానపాము పెడితే కాస్త వెనక్కి జరిగేవాడు.

ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. బూదమ్మకు కాలు నిలవలేదు. పాకంతా తిరిగి అందరికీ చెప్పుకుంది. మేక చింతాకు పెట్టమంది. గేదె కుడితి తాగించమంది. ఎవరు తినేది వాళ్లు చెప్పారు, అంతకన్నా ఎవరికేం తెలుసు.

అయిదో రోజు వాన వెలిశాక పోగు ఎవరికీ కనపడకుండా గాదె వెనక బోర్లించిన పాత కుండ కిందికి దూరాడు. అక్కడొక చిన్న కప్ప ఉంది. ఎవరైనా చూస్తుంటే వాడికి నోరు తెరవాలనిపించేది కాదు. కుండ కింద చీకట్లో ఎవరూ చూడలేదు కాబట్టి తిన్నాడు. బయటికి వచ్చినప్పుడు నడుము దగ్గర ఉసిరికాయంత ఉబ్బు ఉంది.

బూదమ్మ ఆనందం చెప్పలేం. పిల్లాడు తిన్నాడని పాకంతా చాటి వచ్చింది. మర్నాడు పొద్దున మామూలుగానే క్లక్ మంది. పోగు లేవలేదు. మళ్లీ పిలిచింది. దగ్గరికొచ్చి ముక్కుతో పొడిచింది. కోడిపిల్ల తిన్న తర్వాత తిరగకపోతే గొంతు కింద తిత్తి బిగుసుకుపోతుందని ఆమెకు తెలుసు, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న సంగతి అది. ఆ భయంతోనే పోగును ఎండలోకి దొర్లించి, చెల్లెళ్లతో పాటు పెంట చుట్టూ నాలుగుసార్లు తిప్పింది. మధ్యాహ్నానికి పోగు కప్పను కక్కేశాడు.

బూదమ్మ రెక్కలు వాలిపోయాయి. కక్కిన దాన్ని చూస్తూ అక్కడే కూలబడింది.

సరిగ్గా అప్పుడు దొండయ్య బొరియలోంచి తల బయట పెట్టాడు. బాధపడుతున్నట్టు మీసాలు వంచుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, తమ తాత ముత్తాతలు పాముల పక్కనే బతికారనీ, వాటి జబ్బులు తనకు కొట్టిన పిండి అనీ చెప్పాడు.

"బూదక్కా, నువ్వు చేసిందే సరైన పని," అన్నాడు. "చాలదంతే. ఒక్కసారి తిప్పితే ఏమవుతుంది? వాడు తిన్న వెంటనే లేపు. పడుకుంటే మళ్లీ లేపు. కన్ను మూయనివ్వకు. తల్లివి, నువ్వు కాకపోతే ఎవరు చేస్తారు?"

ఇక్కడ కాస్త ఆగి చూడండి. దొండయ్య ఎక్కడినుంచీ విషం తేలేదు. గొయ్యి తవ్వలేదు, ఉచ్చు పన్నలేదు. ఆమె ప్రేమతో చేస్తున్న పనినే ఇంకాస్త ఎక్కువ చేయమన్నాడు. అలాంటి సలహాను కాదనగల తల్లి ఎక్కడుంటుంది? బూదమ్మ వాడికి దండం పెట్టినంత పని చేసింది.

వారానికి పోగు ఇంకో చిన్న కప్పను పట్టాడు. అంతే, బూదమ్మ నిద్ర మానుకుని వాణ్ణి లేపుతూనే ఉంది. అది కూడా బయటికి వచ్చేసింది. దొండయ్య సలహా మీద తవుడు నీళ్లు పట్టింది. అవీ బయటికి వచ్చాయి. మూడోసారి పోగు వేటకే వెళ్లలేదు. వాడి మెరుపు పోయింది. ఒళ్లు బూడిద రాసినట్టయింది. ఒక రోజు పొద్దున చూస్తే రెండు కళ్లూ తెల్లగా, పలచని పాలు పోసినట్టు మసకబారి ఉన్నాయి.

బూదమ్మ దొండయ్య బొరియ దగ్గరికి పరుగెత్తింది. వాడు వచ్చి చూశాడు. చూసి నాలుక చప్పరించాడు.

"కళ్లు పోయాయి అక్కా. ఇక వీడు వేటాడలేడు. నాకు చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఆకలితో ఉన్న పాము పక్కన పదిమంది పసిపిల్లల్ని పడుకోబెడుతున్నావు. కళ్లు లేనివాడికి అన్న ఎవరు, చెల్లెలు ఎవరు? కాలవగట్టు మీద వదిలిపెట్టు. అక్కడ గాలి మంచిది. బతికితే బతుకుతాడు."

గట్టు మీద ముంగిసల జంట ఒకటి తిరుగుతోందని వాడు చెప్పలేదు.

బూదమ్మ ఆ పగలంతా ఏమీ తినలేదు. పది మందిని చూసింది, ఒకణ్ణి చూసింది. మర్నాడు పొద్దున పిల్లల్ని మేక దగ్గర ఉండమని చెప్పి, పోగును లేపి, తన వెనకే రమ్మని బయల్దేరింది. కళ్లు కనపడక వాడు ఆమె కాలి చప్పుడు పట్టుకుని వస్తున్నాడు. ఆమె నాలుగడుగులు వేసి ఆగుతోంది, వాడు అందుకున్నాక మళ్లీ వేస్తోంది.

గుంజ దాటేటప్పుడు మైలన్న నమలడం ఆపాడు. ఎక్కడికని అడిగాడు. బూదమ్మ చెప్పింది. మైలన్న అంతా విన్నాడు. విన్నదాన్ని గడ్డిలాగే నెమ్మదిగా నమిలాడు.

"నువ్వు కోడిపిల్లగా ఈ పాకకు వచ్చిన కొత్తలో నన్ను చూసి ఏడ్చావు, తెలుసా?" అన్నాడు చివరికి. "ముందు గడ్డి లేకుండానే నములుతున్నాను, ఆకలికి పిచ్చెక్కిందని అనుకున్నావు. నేను పొద్దున తిన్నది మధ్యాహ్నం నెమరేస్తానని తర్వాత తెలిసింది నీకు. నీ కడుపు ఒక రకం, నా కడుపు ఒక రకం."

"అయితే వీడి కడుపు ఏ రకం అన్నా?"

"నాకేం తెలుసు? నేను పామును కాను. నువ్వూ కావు, ఆ దొండయ్యా కాదు. ఇన్నాళ్లుగా అందరం వీడి గురించి మాట్లాడాం. వీణ్ణి అడిగావా?"

బూదమ్మ పోగు వైపు చూసింది. అడగలేదు. పిలిచింది, పొడిచింది, దొర్లించింది, ఏడ్చింది. అడగడం మాత్రం చేయలేదు. అమ్మకు తెలియనిది పిల్లకేం తెలుస్తుందని అనుకుంది కాబోలు.

వంగి, మెల్లగా అడిగింది. "నాయనా, నీకు ఆకలి వేయడం లేదా?"

పోగు తల ఆమె గొంతు వైపు తిప్పాడు.

"వేస్తుందమ్మా. వారానికో పదిరోజులకో ఒకసారి. తిన్నాక లోపల ఒక పని మొదలవుతుంది. చాలా నెమ్మదైన పని. కదలకుండా వెచ్చగా పడుకుంటే అవుతుంది. నువ్వు లేపి తిప్పితే ఆ పని సగంలో ఆగి, తిన్నది బయటికి వచ్చేస్తుంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు నూక తెచ్చి నా ముందు పెట్టి నా నోరు చూస్తుంటావు కదా. వద్దంటే నిన్నే వద్దన్నట్టు ఉంటుందనిపించింది."

మైలన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. బూదమ్మ వాడి పక్కన కూర్చుంది. కళ్ల సంగతి అడిగింది. నొప్పేమీ లేదన్నాడు పోగు. ఒళ్లంతా బిగుతుగా ఉందని, ఏదో జరగబోతోందని, అదేమిటో తనకూ తెలియదని, ఎవరూ లేని చోట పడుకోవాలని మాత్రం గట్టిగా అనిపిస్తోందని చెప్పాడు.

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. అది అడగడానికి బూదమ్మకు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది.

"ఆకలి వేసిన రోజున నీ చెల్లెళ్లను చూస్తే నీకు..."

పోగు వెంటనే జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పేవాడైతే వెంటనే చెప్పేవాడు.

"వాళ్ల దగ్గర నీ రెక్కల వాసన వస్తుందమ్మా," అన్నాడు. "నేను గుడ్డులోంచి వచ్చినప్పుడు మొదట తెలిసిన వాసన అదే. అది వస్తే నాకు నిద్ర వస్తుంది. ఆకలి వేయదు."

బూదమ్మ వెనక్కి తిరిగింది. పోగును గాదె వెనక బోర్లించిన కుండ దగ్గరికి తీసుకెళ్లి, లోపలికి వెళ్లమంది. వాడు వెళ్లాడు. ఆమె వచ్చేసింది.

ఇంత తేలిగ్గా రాశాను గానీ, ఆ తర్వాతి రోజులు బూదమ్మ బతుకులోకెల్లా కష్టమైనవి. ఆమెకు గోకడం వచ్చు, వెతకడం వచ్చు, గద్ద మీదికి ఎగరడం వచ్చు. ఏమీ చేయకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు. గింజ దొరికి క్లక్ మన్నప్పుడల్లా మెడ దానంతటదే కుండ వైపు తిరిగేది. రోజుకు పదిసార్లు అటు బయల్దేరేది. సగం దూరం వెళ్లి, ఎత్తిన కాలు అలాగే పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చేది. మైలన్న అంతా చూస్తూ నెమరేసుకుంటూ ఉండేవాడు, పలకరించేవాడు కాదు. పలకరిస్తే ఆమె ఏడుస్తుందని ఆయనకు తెలుసు.

దొండయ్య మాత్రం రోజూ పలకరించాడు. గట్టు మీద వదలలేక తెచ్చుకుందని వాడు కనిపెట్టాడు. పోనీలే, ఎక్కడైతేనేం అనుకున్నాడు. పిల్లాడు ఏమైనా తిన్నాడా అని అడిగేవాడు. తినలేదనేది బూదమ్మ. లేచాడా అని అడిగేవాడు. లేవలేదనేది. రెండూ నిజాలే. దొండయ్య మీసాలు వంచుకుని బొరియలోకి వెళ్లి, అక్కడ హాయిగా నిటారుగా పెట్టుకునేవాడు.

ఎనిమిదో రోజు ఎండ బాగా కాసింది. బూదమ్మ పిల్లల్తో పెంట మీద ఉండగా దొండయ్య చప్పుడు చేయకుండా కుండ దగ్గరికి వెళ్లాడు. అంచు విరిగిన చోట మూతి పెట్టి చూశాడు. లోపల పోగు పొడుగ్గా పడి ఉన్నాడు. ఎండిపోయి, పాలిపోయి, కళ్ల చోట తెల్లటి పొరలతో ఉన్నాడు. దొండయ్య పంజాతో తాకాడు. గలగలమంది. తోక పట్టి లాగాడు. ఎండుటాకు బరువు కూడా లేదు. తిండి లేక లోపలున్నదంతా ఆవిరైపోయి తోలు మిగిలింది అనుకున్నాడు. ముత్తాతల నుంచి పాముల వైద్యం తెలుసన్న ఆ పెద్దమనిషి ఒక్కసారి కూడా పాము కుబుసం చూడలేదు. పాము ఉన్న చోట వాడి వంశంలో ఎవరూ చూడటానికి ఆగింది లేదు కదా.

ఇక వాడి సంబరం ఏమని చెప్పను. పొలం గట్ల మీద అవస్థ పడుతున్న బంధువులకు కబురు పంపాడు. గాదె మనదేనని, పిల్లాపాపలతో వచ్చేయమని, వైద్యం ఫలించిందని చెప్పి పంపాడు. చీకటి పడేదాకా ఆగే ఓపిక కూడా లేకపోయింది. పట్టపగలు గాదెలోకి ఎక్కాడు. వచ్చే బంధువులకు విందు పెట్టాలని, రెండు బుగ్గలూ పగిలిపోయేంతగా వడ్లు కుక్కుకున్నాడు. నెమ్మదిగా దిగి, తన బొరియలోకి తల ముందు పెట్టి దూరాడు.

అసలు పోగు ఆ తెల్లవారుజామునే కుండ అంచుకు మూతి రాసి రాసి పాత తోలులోంచి బయటికి వచ్చేశాడు. కొత్త ఒళ్లు, కొత్త కళ్లు, కొత్త ఆకలి. వాసన పట్టుకుని గాదె కిందికి వెళ్తే అక్కడ దొండయ్య పంచన చేరిన చిట్టెలుక ఒకటి దొరికింది. తిన్నాక పడుకోవడానికి వెచ్చటి చోటు కోసం చూశాడు. దొండయ్య కుండ దగ్గరికి వెళ్లిన వేళకి, పరుపులా గడ్డి పరిచిన, ఎవరూ వచ్చి లేపని చక్కటి ఖాళీ గది ఒకటి కనిపించింది. చుట్టచుట్టుకుని పడుకున్నాడు.

ఆ గదిలోకే దొండయ్య వచ్చాడు. ఎదురుగా రెండు కళ్లు, మసక గిసక ఏమీ లేకుండా తేటగా వాణ్ణే చూస్తున్నాయి.

అరుద్దామంటే నోటి నిండా వడ్లు. వెనక్కి తిరుగుదామంటే పొట్ట అడ్డం. తోక ముందు పెట్టుకుని వెనక్కి వెనక్కి డేకుతూ, దారంతా వడ్లు కక్కుతూ బయటపడి పరుగెత్తాడు. మైలన్న మర్యాదగా ఒక కాలు పైకెత్తి దారి ఇచ్చాడు.

పొలాల మధ్య బంధువులు ఎదురొచ్చారు. పిల్లల్ని నడిపించుకుంటూ, ముసలివాళ్లను తోసుకుంటూ వస్తున్నారు. ఏమిటీ పరుగని అడిగారు. పాము ఉందన్నాడు. చచ్చిపోయిందన్నావు కదా అని అడిగారు.

"చచ్చిపోయింది," అన్నాడు దొండయ్య రొప్పుతూ. "నా చేత్తో ముట్టుకుని చూశాను. చచ్చిపోయి, మళ్లీ అంతకన్నా పెద్దదై వచ్చింది."

బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటి పెద్ద ఒకాయన దొండయ్య కళ్లు పరీక్షగా చూసి, పాపం చాలా రోజులుగా సరిగ్గా తింటున్నట్టు లేడు, లేపి తిప్పండి అన్నాడు. ఆ సాయంత్రమంతా వాణ్ణి గట్ల వెంబడి తిప్పుతూనే ఉన్నారు.

పాకలో బూదమ్మకు కుండ దగ్గర కుబుసం కనిపించింది. మొదట పోగే అనుకుని హడలిపోయింది. తర్వాత దాన్ని ముక్కుతో కదిపి, లోపల ఏమీ లేదని తెలుసుకుని, మైలన్న వైపు చూసింది. ఆయన కొమ్ముతో గాదె కిందికి చూపించాడు.

బొరియ మూతి దగ్గర ఎండ పడే చోటికి పోగు జరిగి వచ్చి పడుకుని ఉన్నాడు. పసుపూ గోధుమా కలిసిన ఒళ్లు నిగనిగలాడుతోంది. నడుము దగ్గర ఉబ్బు ఉంది. బూదమ్మ గబగబా నాలుగడుగులు వేసింది. ముక్కు ముందుకు వంగింది. వారాల తరబడి ఆకలితో ఎండిన పిల్లాడు, ఒక్కసారి తాకి చూసుకోవాలని ఏ తల్లికి ఉండదు?

తాకలేదు. అలాగే నిలబడి, వాడి పక్కటెముకలు పైకీ కిందికీ మెల్లగా ఆడటం చూసింది. ఇంతలో పిల్లలు పదిమందీ కిచకిచలాడుతూ వెనకే వచ్చారు.

"అటు పదండి, ఇక్కడ గోకొద్దు," అంది బూదమ్మ గొంతు తగ్గించి. "అన్నయ్య భోంచేశాడు."

పిల్లల్ని తోలుకుని పాక అవతలి వైపుకి వెళ్లిపోయింది.

నీతి: మన ఆకలితో ఇంకొకరి కడుపు కొలిస్తే, ప్రేమ కూడా వాళ్లను పస్తు ఉంచుతుంది.